హెల్త్ కోర్సుల్లో పాఠాలు చెప్పేవాళ్లకి స్టూడెంట్స్ పట్ల ఉండాల్సిన బాధ్యతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెడిసిన్, నర్సింగ్, డెంటల్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు... వీటిల్లో పాఠం చెప్పేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా టీచింగ్‌లోకి వచ్చినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్ని స్టూడెంట్స్ అడిగినవి కూడా ఉన్నాయి. నాకు తెలిసినంతలో, నేను నమ్మినంతలో జవాబులు రాశాను.

నేను ప్రొఫెసర్‌ని కాదు, సీనియర్ పీజీని మాత్రమే. ఇవన్నీ నాకు కూడా వర్తిస్తాయా?

వర్తిస్తాయి. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏం రాసుందన్నది పక్కన పెట్టండి, మీ పక్కన నిలబడి మీ చేతులు చూసి పని నేర్చుకుంటున్నవాళ్లు ఒక్కరున్నా మీరు టీచరే. వార్డులో ఇంజెక్షన్ ఎలా చేయాలో చూపించే సిస్టర్, ల్యాబ్‌లో స్లైడ్ వేయడం నేర్పే టెక్నీషియన్, రాత్రి డ్యూటీలో ఇంటర్న్‌కి దారి చూపే పీజీ, అందరూ ఇందులోకే వస్తారు. నిజం చెప్పాలంటే క్లాస్‌లో గంట లెక్చర్ ఇచ్చి వెళ్లిపోయే సార్ కంటే రాత్రి రెండింటికి పక్కన ఉన్న సీనియర్ ప్రభావమే స్టూడెంట్ మీద ఎక్కువ.

వేరే చదువులకీ హెల్త్ చదువులకీ ఈ విషయంలో తేడా ఏంటి? ఎక్కడైనా టీచర్ టీచరే కదా?

తేడా ఏంటంటే ఇక్కడ గదిలో మూడో మనిషి ఉంటాడు, పేషెంట్. లెక్కల టీచర్ తప్పు చెప్తే స్టూడెంట్‌కి మార్కులు పోతాయి, ఇక్కడ ఇంకొకళ్ల ప్రాణం మీదికొస్తుంది. అందుకని టీచర్ ఒకేసారి రెండువైపులా చూసుకోవాలి, స్టూడెంట్‌కి నేర్చుకునే అవకాశం ఇవ్వాలి, ఆ నేర్చుకోవడం వల్ల పేషెంట్‌కి హాని జరక్కుండానూ చూడాలి, ఇవి రెండూ కొన్నిసార్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఇంకోటి, ఈ రంగంలో గురువు మాట అంటే చాలా బరువు. హిప్పోక్రాటిక్ ప్రమాణం చూడండి, అందులో నేర్పినవాడిని తల్లిదండ్రులతో సమానంగా చూసుకుంటాను, అవసరమైతే నా సంపాదనలో వాటా ఇస్తాను అని ఉంటుంది. వరల్డ్ మెడికల్ అసోసియేషన్ 1948లో జెనీవా డిక్లరేషన్ అనే డాక్టర్ల ప్రమాణం రాసినప్పుడు కూడా టీచర్లకి గౌరవం, కృతజ్ఞత ఇస్తాను అనే రాశారు. స్టూడెంట్స్‌కి కూడా ఆ గౌరవం ఇవ్వాలి అనే మాట అందులోకి ఎప్పుడు వచ్చిందో తెలుసా, 2017లో. అంటే దాదాపు 70 ఏళ్లు పట్టింది. ఈ ఒక్క మార్పు గురించి ప్రతి స్టాఫ్ రూమ్‌లో మాట్లాడుకోవాలని నా కోరిక.

స్టూడెంట్ "సరే సార్" అన్నాడు, ఇంక బలవంతం ఎక్కడుంది?

ఈ ప్రశ్న చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు. మీ చేతిలో ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి, అటెండెన్స్ ఉంది, లాగ్ బుక్ మీద సంతకం ఉంది, రేపు రికమెండేషన్ లెటర్ ఉంది. ఇన్ని చేతిలో పెట్టుకుని "నీకిష్టమైతేనే చెయ్యమ్మా" అంటే ఆ అమ్మాయి ఏమంటుంది? సరే మేడమ్ అంటుంది. కాదనలేని మనిషిని అడగడం అంటే ఆర్డర్ వేయడమే. మొహమాటం అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ స్టూడెంట్ వైపు నుంచి అది మొహమాటం కాదు, భయం. కాబట్టి వాళ్లు ఒప్పుకున్నారా అని చూడటం సరిపోదు, వాళ్లు వద్దంటే నష్టం లేకుండా ఉండే ఏర్పాటు నేను చేశానా అని చూసుకోవాలి, ఆ పని మనదే. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

రౌండ్స్‌లో అందరి ముందు తిడితేనే గుర్తుంటుంది అంటారు, మేమూ అలాగే నేర్చుకున్నాం. తప్పా?

తప్పే. గుర్తుండేది తిట్టు, పాఠం కాదు.

ప్రశ్నలు అడగడం వేరు, పరువు తీయడం వేరు. బెడ్ పక్కన వరసగా ప్రశ్నలు వేసి ఎక్కడ ఆగిపోయాడో చూసి అక్కడి నుంచి నేర్పడం మంచి పద్ధతి, నేనూ అదే చేస్తాను. కానీ తెలియదు అన్నాక కూడా వదలకుండా, నవ్వులపాలు చేస్తూ, "నిన్ను ఈ కోర్స్‌లో ఎవరు చేర్చుకున్నారు" అనే దాకా వెళ్తే అది టీచింగ్ కాదు. పేషెంట్ కూడా వింటుంటాడు, పది నిమిషాల తర్వాత అదే స్టూడెంట్ బ్లడ్ తీయడానికి వస్తే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు.

నా అనుభవం ఒకటి చెప్తాను. టీచింగ్‌లోకి వచ్చిన కొత్తలో ఒకమ్మాయి బీపీ తప్పుగా చెప్పిందని బెడ్ పక్కనే గట్టిగా అరిచాను. ఆ తర్వాత వారం రోజులు ఆ అమ్మాయి చార్ట్‌లన్నీ బావున్నాయి, 120/80, 118/78, 120/80... ఎక్కడా తేడా లేదు. అనుమానం వచ్చి కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే ఏడ్చేసింది, సరిగ్గా వినపడకపోతే మళ్లీ నన్ను అడగడానికి భయమేసి నార్మల్ అని రాసేస్తున్నా మేడమ్ అంది. ఆ వారంలో ఆ వార్డులో ఎవరికైనా బీపీ పడిపోయి ఉంటే? నేను అరిచిన అరుపుకి ఫలితం ఆ చార్ట్ మీద అబద్ధం. ఆ అమ్మాయికి సారీ చెప్పాను, ఇద్దరం కలిసి మళ్లీ అందరి బీపీలూ చూశాం. ఈ రంగంలో భయపెట్టడం అంటే తప్పులు దాచడం నేర్పడమే, ఇది నేను ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు.

దీనికి ఒక పేరు కూడా ఉంది, హిడెన్ కరికులమ్ అంటారు. మెడికల్ చదువుల విషయంలో హాఫర్టీ, ఫ్రాంక్స్ 1994లో దీని గురించి రాశాక ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. సిలబస్‌లో ఉండదు, ఎగ్జామ్‌లో రాదు, కానీ సీనియర్లు ఎలా మాట్లాడతారో, ఎవరిని చూసి నవ్వుతారో, పేషెంట్‌ని పేరుతో పిలుస్తారో బెడ్ నంబర్‌తో పిలుస్తారో, అదంతా స్టూడెంట్ నేర్చేసుకుంటాడు. ఎథిక్స్ క్లాస్ మధ్యాహ్నం ఒక గంట, ఇది రోజంతా.

స్టూడెంట్‌ని ఫెయిల్ చేయాలంటే మనసు ఒప్పదు. జాలిపడటం తప్పా?

జాలి తప్పు కాదు. జాలితో పాస్ చేయడం తప్పు, ఇక్కడ మొహమాటం మనవైపు ఉంటుంది. ఫీజులు కట్టారు, ఇంట్లో పరిస్థితి బాలేదు, ఫైనల్ ఇయర్ దాకా వచ్చేశాడు, పైగా మనం ఫెయిల్ చేస్తే కంప్లయింట్ పెడతాడేమో, ఎందుకొచ్చిన గొడవ, వచ్చే పోస్టింగ్‌లో వాళ్లే చూసుకుంటారులే అని సంతకం పెట్టేస్తాం. నర్సింగ్ స్టూడెంట్స్‌ని చూసుకునే మెంటార్ల మీద కాథ్లీన్ డఫీ 2003లో చేసిన స్టడీలో సరిగ్గా ఇదే బయటపడింది. అనుమానం ఉన్నా బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి పంపేస్తున్నారు, సమస్య ఉందని మొదట్లోనే చెప్పకుండా చివరి వారం దాకా ఆగుతున్నారు, అప్పటికి ఫెయిల్ చేయడానికి కావాల్సిన రికార్డ్ కూడా ఉండదు.

2005లో పాపడాకిస్ టీమ్ ఇంకో స్టడీ చేసింది. అమెరికాలో డాక్టర్లకి లైసెన్స్ ఇచ్చే మెడికల్ బోర్డులు చర్య తీసుకున్న 235 మంది డాక్టర్ల పాత కాలేజీ రికార్డులు తీసి, చర్యలేమీ లేని డాక్టర్ల రికార్డులతో పోల్చి చూశారు. చర్యలకి గురైనవాళ్లలో కాలేజీ రోజుల్లోనే ప్రవర్తన బాలేదని రాసి ఉండే అవకాశం మూడు రెట్లు ఎక్కువ. అందులోనూ బాగా ముడిపడి కనిపించినవి రెండు, బాధ్యత లేకపోవడం, చెప్పినా మారకపోవడం. తెలివి తక్కువ కాదు చూడండి. అలాగని కాలేజీలో చిన్న తప్పు చేసిన ప్రతివాడూ చెడ్డ డాక్టర్ అవుతాడని దీనర్థం కాదు, ఆ సంకేతాలు టీచర్ల కళ్ల ముందే ఉన్నాయి అని అర్థం.

మరి న్యాయంగా ఎలా ఫెయిల్ చేయాలి అంటే, పోస్టింగ్ సగంలోనే ఒంటరిగా కూర్చోబెట్టి ఏది బాలేదో ఉదాహరణతో చెప్పండి, "నీ యాటిట్యూడ్ బాలేదు" కాదు, "మంగళవారం గ్లవ్స్ మార్చకుండా రెండో పేషెంట్‌ని ముట్టుకున్నావు" అని. రాసి పెట్టండి. బాగుపడటానికి టైమ్ ఇవ్వండి, ఇంకో టీచర్‌తో కూడా చూపించండి. ఇంత చేశాక కూడా రాకపోతే ఫెయిల్ చేయండి, అది ఆ స్టూడెంట్‌కి మీరు చేసే ద్రోహం కాదు. ఫలితం రోజు వరకూ ఏమీ చెప్పకుండా ఒక్కసారిగా ఫెయిల్ అనడమే ద్రోహం.

మరి వైవాలో, ప్రాక్టికల్స్‌లో మార్కులు న్యాయంగా వేయడం ఎలా?

మనం న్యాయంగానే వేస్తున్నాం అని ప్రతి టీచర్ అనుకుంటాడు. థోర్న్‌డైక్ అనే సైకాలజిస్ట్ 1920లోనే చూపించాడు, ఒక మనిషిలో ఒక మంచి గుణం కనిపిస్తే మిగతా గుణాలకి కూడా తెలియకుండానే ఎక్కువ మార్కులు వేసేస్తాం, హేలో ఎఫెక్ట్ అంటారు. చక్కగా ఇస్త్రీ చేసిన ఏప్రాన్, గడగడా ఇంగ్లీష్, తెలిసినవాళ్ల పిల్లాడు, ఇవన్నీ మార్కుల్లోకి దూరిపోతాయి. అందుకే హార్డెన్ టీమ్ 1975లో ఓస్కీ (OSCE) అనే ప్రాక్టికల్ పరీక్ష పద్ధతి తెచ్చింది, అందరికీ అవే స్టేషన్లు, అదే టైమ్, అదే చెక్‌లిస్ట్. మీ దగ్గర పూర్తి ఓస్కీ పెట్టే వసతి లేకపోయినా అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న జవాబులు, ఇద్దరు ఎగ్జామినర్లు విడివిడిగా మార్కులు వేయడం, ఈ మాత్రం చేయొచ్చు. దగ్గరి బంధువు ఉంటే ఆ టేబుల్ మీద కూర్చోకండి.

మొదటిసారి ప్రొసీజర్ స్టూడెంట్‌తో చేయించొచ్చా? పేషెంట్‌కి చెప్పాలా?

చేయించాలి, లేకపోతే రేపు ఎవరు చేస్తారు. కానీ ముందు బొమ్మ మీద చేతులు అలవాటవ్వాలి, తర్వాత చేయి తిరిగినవాళ్లు చేస్తుంటే చూడాలి, తర్వాత మీరు పక్కనే ఉండగా చేయాలి. పక్కనే అంటే ఫోన్‌లో దొరకడం కాదు. ఎన్నిసార్లు ప్రయత్నించొచ్చో ముందే అనుకోండి, నేను కాన్యులాకి (సెలైన్ కోసం నరంలోకి పెట్టే గొట్టం) రెండుసార్లు అని చెప్తాను, మూడోది నేనే తీసుకుంటాను, అప్పుడు స్టూడెంట్‌కీ పరువు పోదు, పేషెంట్ చెయ్యీ తూట్లు పడదు.

పేషెంట్‌కి చెప్పాలి. "ఈయన స్టూడెంట్, నేను పక్కనే ఉంటాను, మీకు ఇబ్బంది లేకపోతే ఈయన చేస్తారు, వద్దంటే నేనే చేస్తాను" ఇంతే, పది సెకన్లు పడుతుంది. చాలామంది ఒప్పుకుంటారు. స్టూడెంట్‌ని "డాక్టర్ గారు" అని పరిచయం చేసి దాటేయడం మాత్రం వద్దు, పేషెంట్‌ని మోసం చేయడమే కాదు, ఆ స్టూడెంట్‌ని కూడా అబద్ధంలో భాగం చేస్తున్నారు.

ఇక్కడ అన్నిటికంటే ఘోరమైంది ఒకటుంది. ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చిన పేషెంట్‌కి, ఆమెకి తెలియకుండా, వరసగా స్టూడెంట్స్‌తో పెల్విక్ ఎగ్జామ్ (జననాంగాల లోపలి పరీక్ష) చేయించడం. చాలాకాలం చాలాచోట్ల ఇది మామూలు విషయంలా జరిగింది. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం హాస్పిటల్స్‌కి స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది, ఇలాంటి పరీక్షలకి ముందే రాతపూర్వక అనుమతి ఉండాలని. పేషెంట్‌కి అన్యాయం సరే, స్టూడెంట్ సంగతి ఆలోచించండి, లోపల వద్దనిపిస్తున్నా వరసలో నిలబడి గ్లవ్స్ వేసుకున్నాడు, ఎందుకంటే సార్ చెప్పారు. ఆ రోజు అతని లోపల ఏదో ఒకటి మొద్దుబారుతుంది, దానికి బాధ్యత సార్‌దే.

స్టూడెంట్స్ ఒకళ్ల మీద ఒకళ్లు ప్రాక్టీస్ చేసుకోవడం?

పల్స్, బీపీ, రిఫ్లెక్సులు అయితే ఇబ్బంది లేదు. బట్టలు తీయాల్సినవి, సూదులు గుచ్చాల్సినవి అయితే ముందుగా విడివిడిగా అడగండి, క్లాస్ అంతటి ముందూ వాలంటీర్ ఎవరు అని కాదు. కారణం అడక్కుండా వద్దనే హక్కు ఉండాలి. ఇంకో విషయం, ఇలా చూసేటప్పుడు ఒక్కోసారి నిజంగానే జబ్బు బయటపడుతుంది, గుండెలో మర్మర్ (మామూలుగా ఉండని శబ్దం) వినిపిస్తుంది. అప్పుడు క్లాస్‌కి డెమో ఇవ్వకుండా ఆపేసి, ఆ స్టూడెంట్‌తో తర్వాత ఒంటరిగా మాట్లాడి డాక్టర్ దగ్గరికి పంపండి.

సూది గుచ్చుకుంటే అది స్టూడెంట్ అజాగ్రత్త కదా, టీచర్ ఏం చేస్తాడు?

1847లో వియన్నాలో కొలెచ్కా అనే ఫోరెన్సిక్ ప్రొఫెసర్ పోస్ట్‌మార్టం చేయిస్తుండగా పక్కనున్న స్టూడెంట్ కత్తి ఆయనకి గీసుకుంది, కొద్దిరోజుల్లో చనిపోయారు. ఆయన స్నేహితుడు సెమ్మెల్‌వైస్ ఆ రిపోర్ట్ చదివి, ప్రసూతి వార్డులో బాలింతలు చనిపోతున్నదీ ఇలాగే అని గుర్తుపట్టి చేతులు కడిగించడం మొదలుపెట్టాడు. ఆ స్టూడెంట్ ఏమయ్యాడో నాకు ఎప్పుడూ ఆలోచన వస్తుంటుంది. నేర్చుకునేవాడి చేతిలో పదునైన వస్తువు పెట్టినప్పుడు ప్రమాదం ఉంటుందని ముందే తెలుసు, కాబట్టి ఏర్పాట్లు మనమే చూడాలి.

వార్డులోకి పంపేముందే హెపటైటిస్ బి వ్యాక్సిన్ మూడు డోసులూ అయ్యాయా, ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి టైటర్ (రక్తంలో యాంటీబాడీల లెక్క) చూశారా, 10 దాటిందా. వ్యాక్సిన్ లేనివాళ్లకి హెపటైటిస్ బి పాజిటివ్ సూది గుచ్చుకుంటే 30 శాతం దాకా రిస్క్ ఉంటుంది, హెచ్ఐవీకి అది 0.3 శాతం. వ్యాక్సిన్ ఖర్చు గురించి సణిగేవాళ్లకి ఈ అంకెలు చూపించండి. గుచ్చుకుంటే వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి, హెచ్ఐవీ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలో ఆ స్టూడెంట్‌కి మొదటి రోజే తెలిసుండాలి. అన్నిటికంటే ముఖ్యం, చెప్పగానే తిట్టకండి. తిట్టారంటే రెండోవాడు చెప్పడు, ఆ 72 గంటలూ దాటిపోతాయి.

మేం 36 గంటల డ్యూటీలు చేశాం, ఇప్పటి పిల్లలు ఎందుకు చేయలేరు?

మీరు చేశారు, నేనూ చేశాను. ఆ 30వ గంటలో మనం ఏమేం తప్పులు చేశామో మనకి గుర్తులేదు, ఎందుకంటే గుర్తుపెట్టుకునే స్థితిలో లేం.

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి జ్వరంతో హాస్పిటల్లో చేరి తెల్లారేసరికి చనిపోయింది. చూసింది ట్రైనింగ్‌లో ఉన్న రెసిడెంట్లు, వాళ్లలో ఒకరైన ఇంటర్న్‌కి ఇంకా చాలామంది పేషెంట్లు ఉన్నారు, ఆ అమ్మాయి అప్పటికే వాడుతున్న ఫినెల్జిన్ అనే డిప్రెషన్ మందుకి పడని పెథిడిన్ అనే మందు ఇచ్చారు. గ్రాండ్ జ్యూరీ డాక్టర్ల మీద హత్యానేరం మోపలేదు గానీ, ఆ డ్యూటీ గంటలనీ పైనుంచి చూసుకునేవాళ్లు లేకపోవడాన్నీ తప్పుపట్టింది. 1989లో ఆ రాష్ట్రంలో వారానికి 80 గంటలు, ఒకేసారి 24 గంటలు మించకూడదని రూల్ వచ్చింది, 2003లో దేశమంతా 80 గంటల లిమిట్ పెట్టారు. గంటలు తగ్గిస్తే సరిపోతుందా అనే దానిమీద ఇంకా వాదనలు ఉన్నాయి, హ్యాండోవర్లు (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లని ఇంకొకళ్లకి అప్పగించడం) పెరిగితే వాటితో వచ్చే తప్పులూ ఉంటాయి. కానీ ఆ కథలో రెండో సగం అందరూ మర్చిపోతారు, అది సూపర్విజన్. అలసిపోయిన పిల్లలకి పైన ఒక సీనియర్ మెలకువగా ఉండి, ఫోన్ ఎత్తి, చిరాకు పడకుండా వచ్చి చూడాలి. డ్యూటీ రోస్టర్ మీరు వేయకపోవచ్చు, ఫోన్ ఎత్తడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

స్టూడెంట్ తప్పు చేసి పేషెంట్‌కి హాని జరిగితే?

ముందు పేషెంట్‌ని చూసుకోండి. తర్వాత ఆ కుటుంబంతో మీరు మాట్లాడండి, స్టూడెంట్‌ని ముందుకి తోయకండి, నేను చూసుకోవాల్సింది, నా ఆధ్వర్యంలో జరిగింది అని చెప్పండి. కేస్ షీట్ దిద్దమని ఎప్పుడూ, ఎవరికీ చెప్పకండి. ఆ సాయంత్రం ఆ స్టూడెంట్‌ని ఒంటరిగా రూమ్‌కి పంపకండి. ఏం జరిగిందో రెండు మూడు రోజుల తర్వాత ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు, ఆ రోజు మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి.

నా పేపర్లు టైప్ చేయించుకోవడం, బ్యాంక్ పనికి పంపడం లాంటివి?

వద్దు. ఇష్టంగా చేస్తున్నారు అనిపించినా వద్దు. బహుమతులు కూడా రిజల్ట్ వచ్చేదాకా ఏదీ తీసుకోకండి, తర్వాతైనా ఖరీదైనవి వద్దు.

ఇద్దరూ పెద్దవాళ్లే, ఇష్టపడ్డారు. టీచర్, స్టూడెంట్ మధ్య రిలేషన్‌షిప్ ఉంటే తప్పేంటి?

మార్కులు వేసే చేయి మీదైనంతకాలం తప్పే. పైన చెప్పిన కాదనలేకపోవడం ఇక్కడే అన్నిటికంటే ఎక్కువగా పనిచేస్తుంది. నిజంగా మనసు పడితే ముందు ఆ స్టూడెంట్‌కి సంబంధించిన ప్రతి అకడమిక్ బాధ్యత నుంచి తప్పుకుని, సంస్థకి చెప్పండి. కోర్స్ అయ్యేదాకా ఆగడం ఇంకా మంచిది.

థీసిస్ గైడ్‌ని కాబట్టి పేపర్లో నా పేరు మొదట ఉండాలి కదా?

పని ముఖ్యంగా ఎవరిదైతే వాళ్ల పేరు మొదట. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ చెప్పే నాలుగు షరతులు ఉన్నాయి, పనిలో గట్టి పాత్ర, రాయడంలో లేదా లోతుగా దిద్దడంలో భాగం, ఫైనల్ కాపీకి ఆమోదం, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ. నాలుగూ ఉంటేనే ఆథర్. హెచ్ఓడీ అయినంత మాత్రాన ఏదీ రాదు. ఈ మాటలు డేటా తీయకముందే స్టూడెంట్‌తో కూర్చుని మాట్లాడేసుకోండి.

స్టూడెంట్స్‌నే మీ రీసెర్చ్‌లో సబ్జెక్టులుగా తీసుకుంటుంటే, మీరు వెళ్లి అడక్కండి. డాక్టర్ మీద ఆధారపడిన మనిషి దగ్గర ఆ సంబంధం లేని వేరేవాళ్లు అనుమతి తీసుకోవాలని, మనుషుల మీద చేసే మెడికల్ రీసెర్చ్‌కి నియమాలు పెట్టిన హెల్సింకీ డిక్లరేషన్ చెప్తుంది, మార్కుల కోసం మీ మీద ఆధారపడినవాళ్లకీ అదే న్యాయం.

స్టూడెంట్ డిప్రెషన్‌లో ఉన్నాడని తెలిసింది. నేనే ట్రీట్‌మెంట్ ఇవ్వొచ్చా?

వినండి, టైమ్ ఇవ్వండి, మందులు మాత్రం మీరు రాయకండి. మీ ముందు పేషెంట్‌గా కూర్చున్నవాడు రేపు మీ ముందే వైవాకి కూర్చోవాలి, అలాంటప్పుడు ఉన్నదంతా చెప్పలేడు. కాలేజీతో సంబంధం లేని డాక్టర్ దగ్గరికి పంపండి, వెళ్లడానికి సెలవు ఇప్పించండి. స్టాఫ్ రూమ్‌లో ఈ విషయం ఎత్తకండి. చనిపోవాలని ఉంది అన్నాడంటే మాత్రం రహస్యం కంటే ప్రాణం ముందు, ఇంకొకళ్లకి చెప్పాల్సి వస్తుందని అతనికే చెప్పి, ఒంటరిగా వదలకుండా వెంటనే సాయం పిలవండి.

నా కొలీగ్ స్టూడెంట్స్‌ని వేధిస్తున్నాడు. నేను కలగజేసుకోవాలా?

చూసీ చూడనట్టు ఉంటే స్టూడెంట్స్ దృష్టిలో మీరు కూడా ఒప్పుకున్నట్టే. మొదటిసారి, చిన్న విషయం అయితే పక్కకి పిలిచి చెప్పి చూడండి. ఆగకపోయినా, లైంగిక వేధింపు అయినా నేరుగా రాతపూర్వకంగా పైకి వెళ్లండి. స్టూడెంట్‌ని అడక్కుండా అతని పేరు బయటపెట్టకండి, మీరు చూసింది మీరు చూసినట్టు రాయండి చాలు.

నేను స్టూడెంట్‌ని. నాకే అన్యాయం జరుగుతోంది, ఎవరికి చెప్పాలి?

ముందు రాసిపెట్టుకో. తేదీ, టైమ్, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. మెసేజ్‌లు డిలీట్ చేయకు. నీకు మార్కులు వేయని టీచర్ ఒకరిని వెతుక్కో, ప్రతి కాలేజీలో ఒకరైనా ఉంటారు, సీనియర్లని అడిగితే పేరు చెప్తారు. అక్కడి నుంచి కమిటీకి వెళ్లాలా, ఎలా వెళ్లాలి అనేది కలిసి ఆలోచించండి. వెంటనే కంప్లయింట్ పెట్టకపోతే నువ్వు పిరికివాడివని అనుకోకు, పోస్టింగ్ అయ్యాక పెట్టినా అది కంప్లయింటే. ఇంట్లో ఒక్కళ్లకైనా ఈ రోజే చెప్పు.